పశుపతినాథయాత్రకు ఏ త్రోవ మేలు?



దసరా వెళ్లి దీపావళి సమీపించుసరికి మన నరసన్నపేట ప్రాంతమునందు పెద్దలు కూడినచోటనెల్ల ఒక ప్రశ్న వినవచ్చుచుండును. కాశీవిశ్వేశ్వరుని దర్శించి, ఆమీదట నేపాళదేశమునకు పోయి పశుపతినాథుని సేవించి రావలయునన్నచో మోటారుబండి ఏ త్రోవను పోవలయును? పూర్వము ఈ ప్రశ్నకు తావు లేకుండెను. రైలు పోయినదే త్రోవ. ఇప్పుడు రెండు మూడు కుటుంబములవారు కలిసి ఒక బండిని కుదుర్చుకొని, ఇంటి గుమ్మమున ఎక్కి క్షేత్రమున దిగుచున్నారు. త్రోవను నిర్ణయించు భారము రైల్వేవారినుండి మనమీదికి వచ్చినది. ఆ బండిలో కూర్చుండువారు తఱచుగా అఱువది డెబ్బది యేండ్లు దాటినవారు. ఒకరికి మోకాలినొప్పి, ఒకరికి రక్తపుపోటు, ఒకరికి మధుమేహము. పోయినవారందఱును క్షేమముగా మఱలి రావలయును గదా! కావున ఈ విచారము ఇంటినుండి కదలకమునుపే చేయదగినది.

మన పేట కలకత్తా చెన్నపట్టణముల నడుమ సాగు 16వ నెంబరు జాతీయరహదారిమీద ఉన్నది. బండి టెక్కలివైపు తిరిగినచో అది తూర్పుత్రోవ. శ్రీకాకుళమువైపు తిరిగినచో పడమటిత్రోవ.

తూర్పుత్రోవ పలాస, ఇచ్ఛాపురము దాటి, బరంపురము, చిలుకసరస్సు, భువనేశ్వరము, కటకముల మీదుగా పోయి, పానికోయిలియొద్ద తీరమార్గమును విడిచి ఉత్తరమునకు తిరుగును. కేంఝర్, చాయిబాసా, రాంచీ, హజారీబాగు గడచినపిమ్మట బర్హియొద్ద గ్రాండు ట్రంకురోడ్డును కలియును. అచ్చటినుండి గయ, పాట్నా, ముజఫర్‌పూరు, మోతీహారి దాటి రక్సౌలు చేరును. రక్సౌలున కావల నేపాళపు బీర్గంజి. మన పేటనుండి అంతవఱకు రమారమి 1300 కిలోమీటరులు.

పడమటిత్రోవ శ్రీకాకుళము, విజయనగరములు దాటి, సాలూరుయొద్ద కనుమ నెక్కి, కొరాపుట్టి, జయపురము, జగదల్పూరు, కాంకేరుల మీదుగా రాయపూరు చేరును. పిదప కవర్ధా, మండ్లా, జబల్పూరు, రేవా, మీర్జాపూరు గడచి కాశిని ముట్టును. కాశినుండి గోరఖ్‌పూరు మీదుగా సోనౌలి. సోనౌలి కావల నేపాళపు భైరహవా. లుంబినీక్షేత్రము దాని సమీపముననే కలదు. ఈ త్రోవ రమారమి 1700 కిలోమీటరులు.

ఇట్టి విచారము తెలుగువారికి క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణమునుండి పరివారముతో కాశికి బయలుదేరిరి. పోవునప్పుడు హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగా లోనాటిమార్గమున పోయిరి. ప్రయాగ, కాశి, గయలను సేవించి, వచ్చునప్పుడు కలకత్తా, జగన్నాథము, గంజాము, శ్రీకాకుళముల మీదుగా తీరమార్గమున వచ్చి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. అనగా వారు తిరిగివచ్చిన మార్గము ఇంచుమించుగా మన యింటి ముంగిటిదే. ఆ ప్రయాణమంతయు వారు కాశీయాత్రచరిత్రగా వ్రాసిపెట్టిరి. ఎచ్చట నీళ్లు దొరకును, ఎచ్చట బస వసతి కలదు, ఎచ్చటి బాట రాతినేల, ఎచ్చటిది ఇసుక అను సంగతులు అందు విడువక చెప్పబడినవి. మనమును ఆ కంటితోనే ఈ రెండు త్రోవలను చూడవలయును.

పడమటిత్రోవను కోరువారు చెప్పు హేతువు బలమైనదే. ఆ త్రోవన కాశి తానుగా తగులును. వింధ్యవాసినీదేవి మీర్జాపూరు చెంతనే ఉన్నది. తూర్పుత్రోవన నేరుగా రక్సౌలు పోయినచో గయ లభించును గాని కాశి తప్పిపోవును. కాశి లేని యాత్ర మనవారి మనస్సునకు పట్టదు.

కాని కనుమల లెక్క చూడుడు. సాలూరునుండి కొరాపుట్టివఱకు ఒక కనుమ. కొండగాము, కాంకేరుల నడుమ కేశకాలు కనుమ. కవర్ధా దాటినపిమ్మట చిల్పీ కనుమ. నడుమ నడుమ అడవి. మలుపులందు కడుపు త్రిప్పి, వాంతులై, మొదటి రెండు దినములలోనే ముసలివారు నీరసించుటకు ఇంతకంటె వేఱు కారణ మక్కఱలేదు. రాయపూరున గొప్ప ఆసుపత్రులు కలవు, జగదల్పూరున వైద్యకళాశాల కలదు; ఆ రెంటికి నడుమ దూరము దాదాపు 300 కిలోమీటరులు. నడిరాత్రి గుండెనొప్పి వచ్చినవానికి ఆ దూరము చాల పెద్దది.

తూర్పుత్రోవ మొదటిదినమున విశాలమైన బాట. బరంపురమున వైద్యకళాశాల ఆసుపత్రి, భువనేశ్వరమున ఎయిమ్సు, కటకమున ఎస్.సి.బి. ఆసుపత్రి, పిదప రాంచీలో రిమ్సు. భోజనమునకును బసకును పట్టణములు వెంటవెంట తగులుచుండును. బరంపురమువఱకు తెలుగుమాట చెల్లును. ఈ త్రోవకును దోషములు లేకపోలేదు. కేంఝరు ప్రాంతమున ఇనుపఖనిజపు లారీల బారులు విసుగు పుట్టించును. చక్రధరపూరు దాటినపిమ్మట టేబో కనుమయు, గ్రాండు ట్రంకురోడ్డుమీద చౌపారణ దాటినపిమ్మట దనువా కనుమయు కలవు. ఈ రెంటిని ఎండ ఉండగనే దాటవలయును. రాత్రి దాటుదుమను డ్రైవరు ఎంత నేర్పరి యైనను వాని మాట వినరాదు.

ఇక కాశి మాట. కాశికొఱకు పడమటిత్రోవను పట్టనక్కఱలేదు. బర్హియొద్ద కలియు గ్రాండు ట్రంకురోడ్డు పడమరగా దోభీ, ఔరంగాబాదు, ససారాముల మీదుగా నేరుగా కాశికి పోవుచున్నది. ఆ బాట దనువా కనుమ తప్ప చదునైనది, వెడల్పైనది. బర్హినుండి కాశి 300 కిలోమీటరులకు కొంచెము మించును. కావున మన పేటనుండి బర్హివఱకు తూర్పుత్రోవను, బర్హినుండి కాశికి ట్రంకురోడ్డును పట్టి, కాశినుండి గోరఖ్‌పూరు, సోనౌలి మీదుగా నేపాళమున ప్రవేశించునది. వచ్చునప్పుడు రక్సౌలు, పాట్నాల మీదుగా గయకు వచ్చి, పిండప్రదానము గావించి, దోభీ, బర్హిలమీదుగా తెలిసిన త్రోవనే ఇల్లు చేరునది. కాశి ముందు, గయ తరువాత అను సంప్రదాయక్రమమును దీనివలన నిలుచును. పడమరగా పోయి ఉత్తరము ముట్టి తూర్పుగా వచ్చుటచే ప్రదక్షిణము కావలెనను పెద్దల కోరికయు తీఱును.

ఈ క్రమమునందు మఱొక లాభము కలదు; నామట్టుకు అదియే ముఖ్యము. నాలుగవదినమునకు కాశి చేరుదుము. మొదటిరాత్రి భువనేశ్వరము, రెండవరాత్రి చాయిబాసా, మూడవరాత్రి హజారీబాగు. కాశిలో రెండు రాత్రులు విశ్రమించి, అప్పుడు ప్రతివారి ఒంటిని విచారింపవలయును. కాళ్లవాపు వచ్చినదా? నిదుర పట్టుచున్నదా? మందులు వేళకు పడుచున్నవా? కొండలకు తగని శరీరమైనచో అచ్చటనే ఆగుటకు కాశికంటె మంచిచోటు లేదు. విశ్వవిద్యాలయపు ఆసుపత్రి ఉన్నది, సత్రములున్నవి, ఇంటికి రైలున్నది. ముందుకు పోయినవారు వచ్చునంతవఱకు నిలిచినచో వారును సోనౌలి మీదుగానే మఱలవలయును. గయ ఆ పిమ్మటనైనను కాగలదు. ఆగినవాని యాత్ర భంగమైనదని ఎవరును అనరాదు.

సరిహద్దుకు ఆవలి సంగతి. రక్సౌలునుండి హేటౌడా మీదుగా పోయినను, సోనౌలినుండి బుట్వలు మీదుగా పోయినను, బండ్లు సామాన్యముగా నారాయణగఢముననే కలియుచున్నవి. హేటౌడానుండి దామను మీదుగా కొండ నెక్కు త్రిభువన రాజపథము ఒకటి కలదు. అది దగ్గఱదారియే గాని, దాని ఎత్తు దాదాపు 2500 మీటరులవఱకు పోవును. మలుపులు లెక్కకు మిక్కిలి. వృద్ధులకు అది తగదు. నారాయణగఢమునుండి ముగ్లింగు 36 కిలోమీటరులు, ముగ్లింగునుండి కాఠమాండు ఇంచుమించు 110. ఒకప్రక్క కొండ, ఒకప్రక్క త్రిశూలీనది. ఏ త్రోవన వచ్చినవారికైనను ఈ భాగము తప్పదు. మొత్తము ప్రయాణమున మిక్కిలి జాగరూకత వలసినది ఇచ్చటనే.

2024 జూలై 12వ తేదీ తెల్లవాఱుజామున ఈ నారాయణగఢము ముగ్లింగు నడుమ సిమల్‌తాల్ అనుచోట కొండచఱియ విఱిగిపడి, అఱువదిమందికి పైగా ప్రయాణికులున్న రెండు బస్సులను త్రిశూలిలోనికి త్రోసివేసినది. ఆ సంవత్సరమే ఆగస్టు 23వ తేదీన తనహూజిల్లాలో మహారాష్ట్ర యాత్రికుల బస్సు మర్స్యాందీనదిలో పడి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఈ రెండును వానకాలమున జరిగినవి. ఆషాఢమునుండి భాద్రపదమువఱకు ఆ కొండలు నాని ఉండును. ఎంత మంచి బండియైనను విఱిగిపడు కొండకు అడ్డు నిలువజాలదు. కావున త్రోవ ఏది అని అడుగుటకు ముందు మాసమేది అని అడుగవలయును.

దీపావళి వెళ్లిన పిమ్మట కార్తికమాసము మేలు. నేపాళపు దశైన్, తిహార్ పండుగలరద్దీ అప్పటికి తగ్గుచుండును. కార్తికశుద్ధషష్ఠినాడు బిహారున ఛఠ్ పండుగ జరుగును; ఆ రెండు మూడు దినములు పాట్నా రేవులందు జనసముద్రము. అవి తప్పించి లెక్క వేసికొనవలయును. మార్గశిరము నడిమినుండి మాఘమువఱకు గంగామైదానమున దట్టమైన మంచు కప్పును. ముందరి లారీ దీపము కానరాదు. ఫాల్గునము మఱల అనుకూలము. నారాయణగఢమున రాత్రి నిదురించి, సూర్యోదయమైన పిమ్మట బయలుదేరినచో పగటిపూటనే కాఠమాండు చేరవచ్చును.

పత్రముల విషయము క్లుప్తముగా మనవి చేయుదును. భూమార్గమున నేపాళమునకు పోవు భారతీయులకు వీసా అక్కఱలేదు. పాసుపోర్టుగాని ఓటరుకార్డుగాని చాలును. 65 ఏండ్లు దాటినవారికిని 15 ఏండ్లు నిండనివారికిని వయస్సును గుర్తింపును తెలుపు ఇతరపత్రము, ఆధారుకార్డువంటిది, చెల్లును. అయినను ఓటరుకార్డు వెంట ఉండుట మంచిది. బండికి సరిహద్దున భన్సారు అను సుంకము దినముల లెక్కన చెల్లింపవలయును. ఉండదలచిన దినములకంటె ఒకటి రెండు ఎక్కువ వ్రాయించుకొనుడు. మన దేశపు బీమా సామాన్యముగా మన ఎల్లతోడనే నిలిచిపోవును; అదనపు రుసుము కట్టి నేపాళమునకు వర్తించునట్లు ముందుగానే వ్రాయించుకొనవలయును. అద్దెబండియైనచో పర్మిట్టులను యజమానియొద్ద కన్నులార చూడనిదే బయానా ఇయ్యకుడు. మన 100 రూపాయలకు అచ్చటి రూపాయలు 160. చిల్లరనోట్లు ఎక్కువగా ఉంచుకొనుడు. బిహారురాష్ట్రమున 2016 ఏప్రిలునుండి మద్యనిషేధము అమలునందున్నది. డ్రైవరు సంచిలో ఒక్క సీసా దొరకినను బండి పోలీసుఠాణాలో నిలుచును. అప్పుడు మీ గయాశ్రాద్ధము ఏమగునో ఊహింపుడు.

డ్రైవరును గూర్చి ఒక మాట. మన యాత్ర వాని కనుఱెప్పలమీద నడచుచున్నది. వానికి వేళకు అన్నము, పడుకొనుటకు మంచము చూపక, ఒక రాత్రి బస ఖర్చు మిగిలినదని సంతసించు యజమానులు కలరు. దినమునకు 300, చదునైన బాటయైనచో 350 కిలోమీటరులు మించరాదు. రాత్రి 8 గంటలు దాటిన పిమ్మట చక్రము కదలరాదు. వీలైనచో ఇద్దఱు డ్రైవరులు ఉండవలయును. ఈ నియమములను బయలుదేరుటకు ముందే అందఱు కూర్చుండి ఒప్పుకొనవలయును. త్రోవమీద వాదులాడినచో బిగ్గఱగా మాటలాడువాని మాటయే నెగ్గును గాని బలహీనుని మాట నెగ్గదు. బండిలో మిక్కిలి నీరసముగా ఉన్నవారు ఎవరో, వారికి ఏది సుఖమో అదియే తక్కినవారందఱికిని త్రోవ కావలయును.

పశుపతినాథుని గర్భాలయమున అర్చించు భట్టులు పరంపరగా దక్షిణదేశమునుండి పోయినవారు. బాగ్మతీతీరమున మన వేదస్వరము వినవచ్చినప్పుడు ఇంత దూరము వచ్చిన అలసట తీఱును. వంశధారాతీరమున మన శ్రీముఖలింగేశ్వరుని సేవించి బయలుదేరుడు. మఱలివచ్చినపిమ్మట ఆ స్వామి సన్నిధినే, వెడలినవారందఱును ఒక్కరు తప్పక నిలిచి, గంగాజలముతో అభిషేకము చేయింపుడు. అట్టి భాగ్యము మీ అందఱికిని కలుగుగాక అని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.