సంఘాలు నడిపేవాళ్లకు సంఘమేది?

మాకు సోషల్ వర్క్ చెప్పిన టీచరుగారి పాఠం విన్నవాళ్లు ఈ సభలో ఉన్నారు, ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్లూ ఉన్నారు. రెండో జాబితాలో నా పేరు పైనే ఉంటుంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఎంఎస్‌డబ్ల్యూ మొదటి ఏడు ఫీల్డ్‌వర్క్‌కి నన్ను ఒక బస్తీకి పంపారు. పదిహేనుమంది ఆడవాళ్ల పొదుపు సంఘం. కుళాయి సంగతి వాళ్లచేత మాట్లాడించాలి. ముప్పావుగంట కూర్చున్నాం. అందరూ నోరు విప్పారు కదా అని పొంగిపోయి, రికార్డు రాసి టీచరుగారి బల్లమీద పెట్టాను. ఆమె చదివి, ఎర్రసిరాతో మార్జిన్లో పదిహేను చుక్కలు గుండ్రంగా పెట్టారు. నడుమ ఇంకో చుక్క, అది నేను. ఎవరు ఎవరితో మాట్లాడారో నా రాతలోంచే ఏరి గీతలు గీశారు. ప్రతి గీతా నాతో మొదలవడమో, నా దగ్గర ఆగడమో. పక్కపక్క చుక్కల మధ్య ఒక్కటంటే ఒక్కటి లేదు. "ఇది సంఘం కాదమ్మా, రిమ్ము లేని సైకిలు చక్రం. చువ్వలే ఉన్నాయి" అన్నారు.

సంఘాలతో పనిచెయ్యడం గురించి విలియం ష్వార్జ్ 1961లో రాసిన వ్యాసం ఆ తరవాతే చదివాను. సంఘమంటే ఒకరికొకరు సాయపడే ఏర్పాటు, అందులో కార్యకర్త ఒక్కరే సహాయకురాలు కాదు, ప్రతి సభ్యురాలూ సహాయకురాలే అన్నది ఆయన వాదన. టీచరుగారు దాన్నే సైకిలు భాషలో చెప్పారన్నమాట.

ఇవాళ నేను అడగదలుచుకున్నది వేరే చక్రం గురించి. సంఘాలు నడిపే మన మధ్య గీతలు ఎన్ని?

ఈ ప్రశ్న అమెరికాలో ఒకసారి గట్టిగానే పుట్టింది. క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో 1923లో గ్రూప్ వర్క్, అంటే మనుషుల్ని గుంపుగా కూర్చోబెట్టి పనిచేసే విద్య, పాఠంగా మొదలైంది. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల క్లబ్బులు నడిపి వచ్చిన గ్రేస్ కోయిల్ ఆ తరవాత అక్కడే పాఠం చెప్పింది. 1936లో గ్రూప్ వర్క్ చేసేవాళ్లు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి పెట్టిన పేరు చూడండి: గ్రూప్ వర్క్ 'అధ్యయన' సంఘం. పేదవాడల్లో సెటిల్‌మెంటు ఇళ్లు నడిపేవాళ్లు, వేసవి శిబిరాలవాళ్లు, వయోజన విద్యవాళ్లు అంతా వచ్చారు. మనం సోషల్ వర్కర్లమా, పంతుళ్లమా, ఆటలాడించేవాళ్లమా అన్నది వాళ్లకే తేలలేదు. తేలకుండానే కలిసి కూర్చున్నారు. ఆ గుణమే నాకు నచ్చుతుంది. మనవాళ్లయితే ముందు బైలాస్ రాసుకుంటారు. పదేళ్లు తర్జనభర్జన పడ్డాక, 1946లో, ఆ అధ్యయన సంఘం గ్రూప్ వర్కర్ల సంఘం అయింది.

1955లో ఏడు వృత్తి సంఘాలు ఒక్కటై జాతీయ సోషల్ వర్కర్ల సంఘం ఏర్పడింది. ఆ ఏడింటిలో వీళ్లదీ ఒకటి. పెద్ద గొడుగు కిందికి వెళ్లడం తప్పని నేననను. కానీ వాళ్ల పత్రిక ఆగిపోయింది. పోనుపోను కాలేజీలు ఒక్కొక్క మనిషితో చేసే కేస్‌వర్కునూ గ్రూప్‌వర్కునూ కలగలిపి ఒకే ముద్దగా వడ్డించడం మొదలుపెట్టాయి. మనుషుల్ని గుంపుగా కూర్చోబెట్టడమే తమ విద్య అయినవాళ్లు తాము కూర్చునే చోటు పోగొట్టుకున్నారు. మళ్లీ ఆ చోటు దొరకడానికి రెండు దశాబ్దాలకు పైనే పట్టింది. 1978లో కేథరిన్ పాపెల్, బ్యూలా రోత్‌మన్ కొత్త పత్రిక తెచ్చారు. మరుసటేడు క్లీవ్‌లాండ్‌లోనే సదస్సు జరిగింది. దాన్నుంచి పుట్టిన సంఘమే ఇవాళ అంతర్జాతీయ సంఘమై నిలబడింది.

మన సంగతికి వద్దాం. బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ స్కూలు తెరిచిందీ ఆ 1936లోనే. అంటే వయసులో మనమేమీ చిన్నవాళ్లం కాదు. అనుభవానికీ కొదవలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు పాఠంలోంచి తమ ఇళ్ల గోడు అందుకుని, 1992 నాటికి సారా దుకాణానికి అడ్డుపడ్డారు. ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. చుక్కకూ చుక్కకూ మధ్య గీత పడితే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరి ఇవాళ్టి సంఘం మీటింగు ఎలా ఉంది? చాలాచోట్ల తీర్మానం పుస్తకంలో సంతకాలు, కిస్తీ లెక్క, లేచిపోవడం. తప్పు ఊళ్లో సంఘాల లెక్కలు చూసే యానిమేటరమ్మది కాదు. ఆమె చేతిలో ఊరి సంఘాల పుస్తకాలన్నీ ఉంటాయి. లీడరమ్మ ఒక్కతే మాట్లాడుతుంటే ఏం చెయ్యాలి, అప్పు ఎగ్గొట్టిన ఆవిణ్ణి మిగతావాళ్లు వెలేస్తుంటే ఎటు నిలబడాలి అని అడగడానికి ఆమెకు మనిషంటూ ఎవరూ లేరు. పైఅధికారిని అడిగితే రికవరీ శాతం అడుగుతారు. కాలేజీవాళ్లు 'మనకు సెమినార్లున్నాయి' అంటారేమో. సెమినారులో మనం గెలిచిన కథలే చదువుతాం. దండలు వేసే చోట ఓడిన మీటింగు రికార్డు ఎవరు తెస్తారు?

ఇలాంటి ప్రశ్నలకు ఆసరాగా, ఆ అంతర్జాతీయ సంఘం 1999లో ఆమోదించిన ప్రమాణాల పత్రం ఒకటుంది. సంఘం మొదలవకముందు చేసుకోవలసిన ఏర్పాటు దగ్గర్నుంచి ఆరంభం, నడిమి కాలం, ముగింపు దాకా చెబుతుంది. ముగింపు అన్న ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ప్రాజెక్టు మార్చి నెలాఖరుకు అయిపోతే మనం ఏప్రిల్లో ఆ వీధికే వెళ్లం. వారం వారం తమ గుట్టు మన ముందు విప్పిన పదిమందికి 'వెళ్లొస్తానమ్మా' అని కూడా చెప్పం. నేనూ చెప్పలేదు. ఆ బస్తీలో ఒకావిడ ఏడాది తరవాత బస్టాపులో కనబడి, "మా మీద ఏమన్నా కోపమొచ్చిందా?" అని అడిగింది.

ఆ పత్రాన్ని తెలుగు చెయ్యాలి. అనువాదంగా కాదు, మన సంఘాల ఉదాహరణలతో, యానిమేటరమ్మకు అర్థమయ్యే మాటల్లో. సభ్యత్వం కట్టగలిగినవాళ్లు ఆ అంతర్జాతీయ సంఘంలో చేరండి, అక్కడి పత్రిక చదవండి. కానీ అంతకుముందు ఎనిమిదిమందిమో పదిమందిమో నెలకోసారి కూర్చుందాం. కాలేజీలో చెప్పేవాళ్లు, ఆసుపత్రుల్లో తాగుడు మానిన వాళ్ల గుంపులు నడిపేవాళ్లు, హాస్టలు పిల్లలతో పనిచేసేవాళ్లు, ఊళ్లలో సంఘాల పుస్తకాలు రాసేవాళ్లు. వేదిక వద్దు, చాప చాలు. ఒక్కోసారి ఒక్కరు తమ రికార్డు చదవాలి, పేర్లు మార్చి. మిగతావాళ్లు సలహాలు కురిపించకుండా ముందు ప్రశ్నలడగాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. మనందరికీ సలహా చెప్పడం జీతం తీసుకుని నేర్చిన అలవాటు.

వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం మా ఇంట్లో కూర్చుందాం. వంతులు నిర్ణయించే గొడవ లేకుండా మొదటిది నేనే చదువుతాను. ఎర్ర గీతలున్న ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. సిరా కాస్త వెలిసిందిగానీ, చువ్వలు లెక్కపెట్టవచ్చు.