భిలాయ్ పిల్లలు, రెండు లిపులు: గిడుగు స్మారకోపన్యాసం



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరిట మాట్లాడుతున్నారంటే వ్యావహారిక భాషోద్యమం గురించే చెబుతారనుకుంటారు. దాన్ని ఇవాళ పక్కన పెడుతున్నాను. పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పుకునే ఆ పంతులు సవర గిరిజనుల కోసం పడ్డ పాటు నాకు ఇంకా పెద్దదిగా తోస్తుంది. ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ భాషలోనే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. పిల్లవాడి నోట్లో ఉన్న భాషతోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన పట్టు.

ఆ పట్టుతో మనకేం పని? 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల మనవలు ఇప్పుడు ఖుర్సీపార్‌లో, సెక్టార్ క్వార్టర్లలో పెరుగుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ, బడిలో మళ్లీ హిందీయో ఇంగ్లీషో.

అమ్మమ్మ దగ్గర ఓనమాలు దిద్దిన పిల్ల హిందీ వాచకంలో 'కమల్' అనాల్సిన చోట 'కమల' అని చదువుతుంది. క్లాసంతా నవ్వుతుంది. కానీ పుస్తకంలో ఉన్నవి క, మ, ల అనే మూడక్షరాలే కదా! హిందీవాళ్లు చివరి అకారాన్ని మింగేస్తారు, మనం రాసిందంతా పలుకుతాం. హిందీ ముందు వచ్చిన పిల్లవాడు తెలుగు వాచకం పడితే 'పలక'ను 'పలక్' అంటాడు, 'నెల'ను 'నేల' చేస్తాడు. హిందీ అక్షరమాలలో హ్రస్వమైన ఎకారం లేదు మరి. 'పుస్తకం' దగ్గర ఇంకో చిక్కు. దేవనాగరిలో సగం చెక్కిన అక్షరం ముందూ, నిండు అక్షరం దాని పక్కనా ఉంటాయి. అలా పక్కకే చూడటం అలవాటైన కన్ను కింద ఉన్న తావత్తును దాటేస్తుంది.

ఇవి మొద్దుతనం కావు. ఒక లిపిలో పట్టుబడ్డ నియమాన్ని రెండోదానికి వాడి చూస్తున్నారు, అంతే. ఒక భాషలో అబ్బిన చదువు రెండోదానికి ఊతమవుతుందని విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే వాదించాడు. అయినా హిందీ త్వరగా వస్తుందని ఇంట్లో తెలుగు మానిపించే తల్లిదండ్రులున్నారు. వాళ్ల మీద నాకు కోపమే. వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటిభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది గానీ, భిలాయ్‌లో ప్రతి బడికీ తెలుగు తరగతి వస్తుందని కూర్చుంటే మన పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. ఆ పని మన ఇళ్లదే.

దిద్దడం మాత్రం కాస్త ఆగి దిద్దాలి. మాటమాటకీ ఆపితే పిల్ల పుస్తకం చూడటం మాని మన మొహం చూస్తుంది. ఆ తర్వాత గొంతు పడిపోతుంది, వేలు కదలదు. వాక్యం అయ్యాక, "హిందీలో ఆఖరి అక్షరం ఎలా అంటాం?" అని అడిగితే చాలు, తనే సరిచేసుకుంటుంది. ఇంకో మాట. శ్రీకాకుళం యాసలో 'ఏటి', 'గుంటడు' అన్న పిల్లల్ని మొరటుగా మాట్లాడుతున్నారని కసరకండి. గిడుగువారు పుట్టిన పర్వతాలపేట కూడా ఆ సీమదే.

ఇవాళ రాత్రి మీ ఇంటి పిల్లచేత ఒక పేజీ బయటికి చదివించండి. తెలుగైనా సరే, హిందీ అయినా సరే. ఇవాళ్టికి మాత్రం పేజీ అయ్యేదాకా మీరు నోరు విప్పకండి.