పెన్సిల్ కన్నా ముందు ఇసుక

మూడేళ్ల బిడ్డ చేత పేజీ నిండా ‘అ’ రాయిస్తేనే చదువు మొదలైందని మన పాలమూరు ఊళ్లలో నమ్మకం. ఆ వయసుకు వేళ్లలో ఇంకా పట్టు రాదు. పెన్సిల్ జారకుండా పట్టుకునేందుకే శ్రమంతా సరిపోయి, అక్షరం మీదికి ధ్యాస పోదు. అందుకే ముందు ఇసుక, తర్వాతే పెన్సిల్ అంటున్నాను. ఇది కొత్త మాట కాదు. వీధిబడుల్లో ఇసుక పోసి వేలితో ఓనమాలు దిద్దించేవారు. అక్షరాభ్యాసం నాడు ఇప్పటికీ బియ్యంలో రాయిస్తాం, కానీ ఆ ఒక్క పూటతోనే పళ్లెం ఎత్తిపెట్టేస్తాం. 1907లో రోమ్‌లో బడి తెరిచిన మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలను పిల్లల చేత తడిమించింది. 1939లో మద్రాసు వచ్చి మన టీచర్లకూ ఆ పద్ధతి నేర్పింది.

మన లిపికి ఇది మరీ అవసరం. ద-ధ, డ-ఢ, ప-ఫ జంటల్లో తేడా అంతా కింద ఉండే చిన్న గీతే. కన్ను దాన్ని దాటేసినా, రాసే వేలు అక్కడ ఆగి కిందికి దిగక తప్పదు. 2004లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, అక్షరాలను తడుముతూ ధ్వని నేర్చుకున్న ఐదేళ్ల పిల్లలు, చూసి విని మాత్రమే నేర్చుకున్నవాళ్ల కన్నా కూడబలుక్కుని చదవడంలో ముందున్నారు. అయితే దిద్దించడమే సర్వస్వం అనుకోవద్దు. 2012లో అమెరికాలో ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల మెదడును స్కాన్ చేసి చూశారు. చదివేటప్పుడు పనిచేసే భాగాలు, వాళ్లు సొంతంగా రాసిన అక్షరాలకే బాగా స్పందించాయి. గీత మీద దిద్దినవాటికి, కీబోర్డు మీద నొక్కినవాటికి అంతగా స్పందించలేదు. కాబట్టి వేలు కదులుతుండగానే బిడ్డ నోట ధ్వని పలకాలి. ఆ వెంటనే ఇసుక చదును చేసి, చూడకుండా తనే రాయాలి. వంకరగా వచ్చినా ఫరవాలేదు.

ఫీజు కట్టేది ఆటలకా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒకసారి ఆ నిండిన నోట్‌బుక్ మూసి, ‘ధ’ రాయమని మీ బిడ్డనే అడగండి. కేంద్రంలోని పిల్లలందరినీ ఒక్క అంగన్‌వాడీ టీచర్ ఎట్లా చూస్తుందన్నదీ నిజమైన ఇబ్బందే. నలుగురైదుగురు ఇసుక పళ్లెం చుట్టూ ఉంటే మిగిలినవాళ్లు పాట పాడుకోవచ్చు. మిగతాది ఇంట్లో జరగాలి. 2011 జనాభా లెక్కల్లో అప్పటి మన పాలమూరు జిల్లా అక్షరాస్యత 55 శాతమే, ఉమ్మడి రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ. అయినా చదువు రాని తల్లి కూడా రొట్టెపిండి ముద్ద చేతికిచ్చి, “ఇవ్వాళ నేర్చుకున్నది చేసి చూపియ్, ఏమంటరో చెప్పు” అనగలదు. సామాను కొననక్కర్లేదు, జల్లెడ పట్టిన ఎర్రమట్టి చాలు. చింతగింజలను అక్షరం ఆకారంలో పేర్పించేటప్పుడు మాత్రం పక్కనే ఉండండి, చిన్నపిల్లలు ముక్కులో పెట్టుకుంటారు. మన చెల్కల్లో పండే ఆముదం గింజలు మచ్చలతో ముచ్చటగా ఉంటాయి గానీ, నమిలితే విషం. వాటిని పిల్లల చేతికి అందనివ్వకండి.