ఆ పాఠం ఎవరి గంటల్లో?
(ప్రతినిధుల శిక్షణ శిబిరంలో ఆన్‌లైన్ పాఠాల రూపకల్పనపై చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు ఎదుట ఉండగా పాఠాలను గూర్చి ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చు. కాని పాఠం నేడు మన పనిదినంలోకి, అంతకంటె ముఖ్యంగా మన విశ్రాంతి వేళలోకి ప్రవేశించింది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మిషన్ కర్మయోగిని ఆమోదించింది. 2022 జూన్‌లో తపాలా శాఖ డాక్ కర్మయోగి పోర్టల్‌ను ప్రారంభించింది. సుమారు 4 లక్షల మంది గ్రామీణ డాక్ సేవకులకు, శాఖా ఉద్యోగులకు శిక్షణ నివ్వడం దాని ఉద్దేశమని ప్రకటించారు. బోధకుడు, అభ్యాసకుడు ఒకే వేళకు ఒకే చోటికి రానక్కరలేకుండా, ఎవరికి వీలైనప్పుడు వారు తెర మీద చదువుకొనే పద్ధతి ఇది. ఎప్పుడైనా, ఎక్కడైనా నేర్చుకోవచ్చునంటున్నారు. మంచిదే. అయితే మనం రెండు ప్రశ్నలు అడగవలసి ఉన్నది. ఆ "ఎప్పుడైనా" అన్నది ఎవరి గంటల్లో నుంచి వస్తున్నది? బోధకుడు ఎదుట లేనప్పుడు అతడు చేయవలసిన పనిని పాఠం చేస్తున్నదా?

ఈ పద్ధతికి మనం విరోధులం కాము. రాత్రి డ్యూటీ చేసే గేటుమన్, పసిబిడ్డ గల సోదరి, మారుమూల బ్రాంచిలో ఒంటరిగా పనిచేసే పోస్టుమాస్టరు తరగతి గదికి రాలేరు. పాఠమే వారి వద్దకు వెళ్లడం న్యాయం. దూరవిద్య మనకు కొత్త కూడా కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, దేశంలోనే అది మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి పాఠాలు తపాలాలోనే అందిన కాలమది. ఆ కట్టలను మోసినది మన సంచులే. ఇంట దీపం కింద ఒంటరిగా కూర్చున్నవాడికి అర్థం కావాలన్న ఎరుకతో వ్రాసిన పాఠమే ఆ పద్ధతిని నిలబెట్టింది. పాఠం మధ్యలో తన్ను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు, సందేహాలు తీర్చుకొనేందుకు సంపర్క తరగతులు దానికి తోడుగా ఉండేవి. ఆ ఎరుక ఈనాటి తెర మీది పాఠాలలో ఏపాటి ఉన్నది?

మేము పర్యటించిన ఒక ప్రాంతంలో ఒక సోదరి బ్రాంచి పోస్టుమాస్టరు. ఆమె ఇంట ఫోనుకు సిగ్నలు అందదు. పాఠం పూర్తి చేయనివారి జాబితా మరునాడు పై అధికారికి వెళుతుందని తెలిసి, బట్వాడా ముగించుకుని, పొద్దుగూకిన వేళ చెరువుగట్టు మీద నిలబడి ఆ పాఠం తెరిచింది. ఇంకొకచోట సార్టింగు బల్ల మీద ఫోను బోర్లించి, అందులో ఉపన్యాసం తనపాటికి తాను సాగుతుండగా చేతులతో టపా వేరుచేస్తున్న సోదరులను చూశాం. సాయంత్రానికి అందరికీ ధ్రువపత్రాలు వచ్చాయి. కొద్ది రోజులకు కౌంటరులో కొత్త పద్ధతి అమలయ్యేసరికి, ధ్రువపత్రం పొందినవారే పక్కవారిని అడుగుతూ నిలబడ్డారు. వరుసలోని ప్రజల ఆగ్రహం కౌంటరు ఉద్యోగి మీదనే పడింది. ఆ సోదరులను సోమరులని మేము అనం. నేర్చుకొనేందుకు వారికి గంట ఇవ్వలేదు. పాఠం వ్రాసినవారికి వారి పని తెలియదు.

తపాలాలో తెలియనితనానికి మూల్యం ప్రజల కాలం, మన పరువు. రైల్వేలో మూల్యం ప్రాణాలు. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని వద్ద నిలిచి ఉన్న కాంచన్‌జంగ ఎక్స్‌ప్రెస్‌ను వెనుక నుంచి గూడ్సు బండి ఢీకొన్నది. పది మంది మరణించారు. ఆ మృతులలో గూడ్సు లోకో పైలట్ కూడా ఉన్నారు. ఆ ఉదయం ఆ సెక్షనులో ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడిపోయి ఉన్నాయి. వాటిని దాటిపోయేందుకు లోకో పైలట్‌కు ఇచ్చిన అధికార పత్రంలో వేగపరిమితి పేర్కొనలేదు. అదే ఉదయం ఆ మార్గాన వెళ్లిన రైళ్లలో, చెడిన సిగ్నలు వద్ద ఆగి గంటకు 15 కిలోమీటర్లు మించకుండా నడిచినది కాంచన్‌జంగ ఒక్కటే. ఆటోమేటిక్ సిగ్నల్ విభాగాలలో రైళ్ల నిర్వహణపై లోకో పైలట్లకు, స్టేషన్ మాస్టర్లకు తగిన శిక్షణ, అవగాహన కల్పించలేదని రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక ఎత్తిచూపింది.

మిత్రులారా, ఇది ఒక వ్యక్తి మరపు కాదు. ఒకే నియమం పలువురికి పలు విధాలుగా అర్థమయిందంటే దోషం నేర్పిన విధానంలో ఉన్నది. నియమం పుస్తకంలో ఉన్నంతమాత్రాన అది పనివాని చేతికి చేరినట్లు కాదు. తెర మీద "తరువాత" అన్న మీట నొక్కుతూ పోయినంతమాత్రాన కూడా చేరదు.

మరి పాఠం ఎట్లుండాలి? విమర్శించి ఊరుకోవడం మన సంప్రదాయం కాదు కనుక, మా అనుభవం నేర్పిన కొన్ని సూత్రాలను మీ ముందుంచుతున్నాం.

మొదటిది, పాఠం నియమం సంఖ్యతో కాక పనితో మొదలు కావాలి. "తెల్లవారుజామున సిగ్నలు చెడింది. నీవు స్టేషన్ మాస్టరువు. ఏ పత్రం ఇస్తావు? అందులో ఏమి వ్రాస్తావు?" అని అడగాలి. అభ్యాసకుడు తప్పు జవాబు ఎంచుకుంటే "తప్పు" అని వదలక, ఆ తప్పు వల్ల పట్టాల మీద ఏమి జరుగునో చూపాలి. నియమం అప్పుడు చెబితే మనసులో నిలుస్తుంది.

రెండవది, ఒక పాఠానికి ఒకే పని. పది నిమిషాలు మించరాదు. మధ్యలో ఆపినా అక్కడి నుంచే మళ్లీ సాగాలి. ఒకసారి ఫోనులో దింపుకుంటే సిగ్నలు లేనిచోట కూడా తెరుచుకోవాలి. మాటతోపాటు అక్షరం కూడా ఉండాలి. రన్నింగ్ రూములో పక్క మంచం మీద మరొక సోదరుడు నిద్రిస్తున్నాడన్న సంగతి పాఠం తయారుచేసేవారు మరువరాదు.

మూడవది భాష. మన తెలుగు ఉద్యోగులు సికింద్రాబాదులో, విజయవాడలోనే కాదు, ఖరగ్‌పూర్‌లో కూడా తరతరాలుగా ఉన్నారు. వారికి పాఠం వారి భాషలో రావాలి. అయితే పాయింటును పాయింటనే, బట్వాడాను బట్వాడా అనే చెప్పాలి. యంత్రం అనువదించిన, ఏ డ్యూటీలోను ఎవరూ పలుకని మాటలు మాకు వద్దు. విడుదలకు ముందు ప్రతి పాఠాన్ని ఆ పని చేసే అయిదారుగురి చేత చదివించి, వారు తడబడిన చోటెల్లా దిద్దాలి.

నాల్గవది, పాఠానికి ప్రశ్న అడిగే వీలుండాలి. బోధకుడు ఎదుట లేడు కనుక, సందేహానికి ఇన్ని రోజులలో జవాబిస్తామన్న హామీ ఉండాలి. ఆ జవాబు అడిగినవానికే కాక అందరికీ కనబడాలి. సర్క్యులరు మారిన నాడే పాఠం మారాలి. ప్రతి పాఠం మీద తేదీ ఉండాలి. పాతబడిన పాఠం అసలు పాఠం లేకపోవడం కంటె ప్రమాదకరం.

అయిదవది, అభ్యాసంలో చేసిన తప్పు అభియోగ పత్రానికి ముడిసరుకు కారాదు. తప్పు చేస్తే శిక్ష అని తెలిసినవాడు జవాబులు పక్కవానిని అడిగి నింపుతాడు. వాడికి ఏమి రాదో యాజమాన్యానికి ఎన్నటికీ తెలియదు.

ఆరవది, చేతితో నేర్వవలసినది చేతితోనే నేర్వాలి. క్రాంక్ హ్యాండిల్‌తో పాయింటు తిప్పడం, పాయింటుకు క్లాంపు బిగించడం తెర మీద చూసి రావు. మౌలాలి, మైసూరు శిక్షణ కేంద్రాల తరగతులకు ఈ పాఠాలు తోడు కావాలి గాని వాటి తలుపులు మూయడానికి సాకు కారాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది కాలం. 1974 మే 8న ప్రారంభమైన రైల్వే సమ్మె కోర్కెలలో ఎనిమిది గంటల పనిదినం ఒకటి. అదే ఏడాది జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వేతనంతో కూడిన విద్యా సెలవుపై 140వ ఒడంబడికను ఆమోదించింది. చదువుకై ఇచ్చే ఆ సెలవు పనిగంటలలో ఇవ్వాలని, దానికి తగిన ఆర్థిక హక్కు ఉండాలని అది నిర్వచించింది. ఉద్యోగ శిక్షణనే గాక కార్మిక సంఘ విద్యను కూడా అందులో చేర్చింది. గ్రామీణ డాక్ సేవకుని భత్యం రోజుకు నాలుగు లేదా అయిదు గంటల పనికి లెక్కగట్టబడుతున్నది. చెరువుగట్టు మీద గడిపిన గంట ఆ లెక్కలో ఎక్కడ ఉన్నది? లోకో పైలట్ నిద్రపోవలసిన గంటను పాఠం తింటే, భద్రతకై వ్రాసిన పాఠమే భద్రతకు శత్రువవుతుంది.

కనుక మన కోర్కె స్పష్టం. పని కోసం నేర్చుకోవడం పనే. దానికి డ్యూటీ రోస్టరులో చోటుండాలి, డ్యూటీగా లెక్కించాలి.

ఆత్మవిమర్శగా ఒక మాట. మన సంఘ తరగతులలో కూడా మేము గంటల తరబడి ఉపన్యసించి, వెనుక వరుస నిద్రపోతున్నా సాగించిన రోజులున్నాయి. ఈ సూత్రాలు ముందు మనకే వర్తిస్తాయి.

ప్రతి బ్రాంచి శాఖ రానున్న మూడు నెలలలో ఒక పని చేయవలసిందిగా కోరుతున్నాం. మీ వద్దకు వచ్చిన ఒక్క పాఠాన్ని తీసుకొని, దానిని ఏ వేళలో, ఎక్కడ కూర్చుని, ఎంతసేపు చదివారో పదిమంది చేత వ్రాయించండి. ఎక్కడ అర్థం కాలేదో గుర్తు పెట్టించండి. ఆ కాగితాలు మాకు పంపండి. వాటితోనే యాజమాన్యం ముందు చర్చలకు కూర్చుంటాం. ఆ సోదరి చెరువుగట్టు మీద నిలబడిన గంట ఆ కాగితాలలో మొదటిదిగా ఉంటుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!