నర్సుల నైతిక వేదనను కొలిచేదెవరు, ఎవరి కోసం?
(ప్రసంగ పాఠం)



కాన్పయిన మొదటి రెండు గంటలూ పావుగంటకోసారి బాలింత నాడి, బీపీ, రక్తస్రావం చూడాలి. ఈ సంగతి ప్రతి నర్సుకూ తెలుసు. కానీ రాత్రి డ్యూటీలో ఆమె ఒక్కతే ఉండి, ఒకేసారి నాలుగు కాన్పులొస్తే? చూడలేదు, అయినా చూసినట్టు కేసుషీటులో రాయాల్సి వస్తుంది. ఆ తర్వాత ఆమె మనసును తొలిచేదాన్ని అలసట అని సరిపెట్టలేం. ఏది సరైనదో తెలిసీ, పనిచేసే సంస్థ పరిస్థితుల వల్ల చేయలేకపోవడాన్ని 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ తాత్వికుడు 'నైతిక వేదన' అన్నాడు.

దీన్ని కొలవడానికి అమెరికాలో మేరీ కోర్లీ బృందం 2001లో ఒక కొలమానం ప్రచురించింది. 2019 నాటి కొత్త రూపంలో 27 సందర్భాలున్నాయి. ప్రతిదానికీ ఎంత తరచుగా జరుగుతుందో 0 నుంచి 4, ఎంత బాధిస్తుందో 0 నుంచి 4 మార్కులు. రెండింటినీ హెచ్చవేసి అన్నీ కూడితే గరిష్ఠం 432.

చిక్కు ఈ హెచ్చవేతలోనే ఉంది. అన్యాయం రోజూ జరుగుతూ, ఆమె మొద్దుబారిపోయి ఉంటే నాలుగు సున్నాలు సున్నా! అక్కడ సమస్యే లేదని కాగితం చెబుతుంది. అందుకే 'ఎంత తరచుగా' అన్న గడిని విడిగా చదవాలి.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ కొలత చేపడితే ఇంకొన్ని ప్రశ్నలు చేర్చక తప్పదు. రెండు పట్టణాల నుంచీ హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. దారిలో ప్రాణం నిలుస్తుందో లేదోనని తెలిసీ రోగిని పంపించాల్సి రావడం, కాంట్రాక్టు పోతుందని నోరు మెదపకపోవడం, కులాన్ని బట్టి పని పంచడం — వీటి గురించి ఆ 27లో విడిగా అడగరు.

మార్కుల పక్కనే ఆ షిఫ్టులో ఎందరు నర్సులు, ఎందరు రోగులు అన్నదీ రాయాలి. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి కనుక అక్కడి బోధనాసుపత్రులకు మొదటి లెక్కే వర్తిస్తుంది. ఈ అంకె పక్కన లేకపోతే వేదన ఆమె బలహీనతగా మారిపోతుంది. యాజమాన్యం యోగా క్లాసు పెట్టి చేతులు దులుపుకుంటుంది. 'సేవామూర్తి' అన్న పొగడ్త కూడా ఆ పనికే వస్తుంది.

ఫారాలు పై అధికారుల ద్వారా పంచకూడదు. చిన్న ఆసుపత్రిలో వయసు, వార్డు రాస్తే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఫలితాలు ముందుగా నర్సులకే అందాలి. వాటితో ఏం అడగాలో వాళ్లే తేల్చుకోవాలి. ఆ అడిగే చోట మనం వాళ్ల పక్కన నిలబడాలి.