మాట నేర్పే శ్రమ ఎవరిది?

(రాజమహేంద్రవరంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిడ్డకు మాట ఆలస్యమైతే మన ఇళ్లలో మొదట నింద పడేది తల్లి మీదే. ఆ తర్వాత మాట నేర్పించే పని కూడా ఆమెకే అప్పగిస్తారు. కడియం నర్సరీల్లో కూలి చేసుకునే ఒక తల్లి నాతో అంది: "ఆడికి మాట రావాలంటే నా కూలి పోవాలండి. వారానికి రెండ్రోజుల కూలి ఎవరిస్తారండి?" దీన్ని ఒక తల్లి కష్టంగా కాక, హక్కుల ప్రశ్నగా మీ ముందు పెడుతున్నాను.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పుట్టు చెవుడున్న పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌తోపాటు ఆ తర్వాతి శిక్షణ ఖర్చునూ భరించింది. కానీ చెవులు బాగానే ఉండి మాట రాని పిల్లలు, నత్తి ఉన్న పిల్లలు ఉన్నారు. వాళ్లకు కావలసింది ఆపరేషన్ కాదు, నెలల తరబడి స్పీచ్ థెరపీ. ఆసుపత్రిలో చేరితేనే డబ్బు చెల్లించే బీమా పద్ధతికి ఈ నెమ్మదైన పని కనబడదు.

నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఇస్తుంది, థెరపీలకూ వర్తిస్తుంది. అయితే అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే పరిమితం. 1995 వికలాంగుల చట్టంలో లేని 'మాట, భాష వైకల్యం' 2016 చట్టంలో చేరింది. కానీ నిర్వచనంలో 'శాశ్వత' అనే మాట పెట్టారు. శిక్షణతో బాగుపడే బిడ్డది శాశ్వత వైకల్యం కాదు కనుక సర్టిఫికెట్ రాదు. శిక్షణ అందక లోపం ముదిరితే అప్పుడు చూస్తారేమో! ఇదేం న్యాయం?

ఉన్న దారి ఒకటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లలోపు పిల్లలకు వర్తిస్తుంది. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో వాళ్లు పరీక్షించాల్సిన సమస్యల జాబితాలో మాట ఆలస్యం కూడా ఉంది. అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. సేవలన్నీ ఉచితం. 2022 ఏప్రిల్ నుంచి తూర్పుగోదావరి జిల్లా కేంద్రం ఈ ఊరే. అడగాల్సిన కార్యాలయాలు మన గుమ్మంలోకే వచ్చాయి.

కనుక, అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు ఎంతమంది పిల్లలకు మాట పరీక్ష జరిగిందో అడగండి. పంపిన కాగితం నకలు తల్లి చేతికి ఇప్పించండి. థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉంటే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. థెరపీతోపాటు బస్సు ఛార్జీ, పోయిన కూలి కూడా ఖర్చేనని మన వినతిపత్రాల్లో రాయాలి. వారానికి ఒకరోజైనా తండ్రి ఎందుకు తీసుకురాకూడదో ఇళ్లలోనూ అడగాలి.

తల్లి ప్రేమ పేరుతో ఉచితంగా తీసుకుంటున్న ఈ శ్రమకు లెక్క కట్టమని అడిగే పని మనమే మొదలుపెట్టాలి.