కళాసీ చెప్పిన మాట

పలివెలలో సాక్ష్యం గురించి మాట్లాడాలంటే ఊరి దేవుడు కొప్పులింగేశ్వరుడి కథతోనే మొదలుపెట్టాలి. ప్రసాదంగా ఇచ్చిన పూలదండలో వెంట్రుక కనబడితే రాజు అర్చకుణ్ణి నిలదీశాడు. స్వామికి కొప్పుందని అర్చకుడన్నాడు. రాజు ఆ మాటను కొట్టిపారెయ్యలేదు, చూడకుండా ఒప్పుకోనూ లేదు. గుడికొచ్చి స్వయంగా చూశాడని స్థలపురాణం. చరిత్రకారుడి పనీ అదే.

రెండో ప్రపంచయుద్ధంలో సరుకు ఓడల మీద పనిచేసిన భారతీయ నావికుల మాటకు ఆ పాటి పరీక్ష కూడా దక్కలేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచింది. డార్డనస్ అనే ఓడ బాంబు దెబ్బ తిని కదలలేకపోతే, గండారా అనే ఓడ దానికి తాడు కట్టి లాక్కుంటూ బయల్దేరింది. శత్రునౌకలు రెంటినీ ముంచేశాయి. ఓడల పేర్లు, టన్నులు, ముంచిన నౌకల వివరాలు కాగితాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ తాడు బిగించిన చేతులెవరివో, ఇంజను గదిలో ఉన్నవాడు పైకి రాగలిగాడో లేదో ఆ కాగితాల్లో వెతకడం వృథా.

మునిగిన ఓడలవాళ్ళ చేత బ్రిటిష్ నౌకాశాఖ వాంగ్మూలాలు రాయించుకుంది. పిలిచింది ఎక్కువగా కెప్టెన్లను, అధికారులను. సరంగు అనే మేస్త్రీ కింద పనిచేసే కళాసీ, అంటే మామూలు నావికుడి దాకా ఆ ప్రశ్న రాలేదు. 1940 సెప్టెంబరులో అట్లాంటిక్‌లో సిటీ ఆఫ్ బెనారస్ మునిగాక ఒక లైఫ్‌బోటు ఎనిమిది రోజులు సముద్రంలో తేలింది. అందులోని ఆరుగురు ఇంగ్లీషు పిల్లల కథ పుస్తకాలకెక్కింది. అదే బోటులో ముప్ఫైమందికి పైగా భారతీయ నావికులున్నారు. ఆ ఎనిమిది రోజులూ వాళ్ళెలా గడిపారో వాళ్ళ నోట విన్న కథ దాదాపు లేదు. ఇది చరిత్ర రచనలో జరిగిన అన్యాయం.

ఆ యుద్ధంలో పోయిన భారతీయ నావికులు ఆరువేలకు పైనే. ఎక్కువమంది సిల్హెట్, చిట్టగాంగ్, కొంకణ్, గోవా ప్రాంతాలవాళ్ళు. తెలుగువాళ్ళ పాత్ర రంగం (రంగూన్) రేవులో కనిపిస్తుంది. అక్కడ సరుకు ఎత్తి దించిన కూలీల్లో మనవాళ్ళు వేలమంది. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు అడవులమ్మట కాలినడకన తిరిగొచ్చారు.

ఏళ్ళు గడిచాక నావికుడు చెప్పే మాటలో తేదీ తప్పొచ్చు, రెండు ప్రయాణాలు ఒకటైపోవచ్చు. అందుకే అతని సీడీసీ, అంటే ఓడ ఉద్యోగాల నమోదు పుస్తకం, పక్కన పెట్టుకుని వినాలి. ఏ ఓడ ఎప్పుడెక్కాడో, ఎప్పుడు దిగాడో అందులో రాసి ఉంటుంది. కానీ 1939 చివర బ్రిటిష్ రేవుల్లో జీతం పెంచమని సమ్మె చేసి కొందరు నావికులు జైలుకెళ్ళడానికి ఎందుకు సిద్ధపడ్డారో, బోటులో గుక్కెడు నీళ్ళు ఎవరికి ముందు పోశారో మనిషే చెప్పాలి.

1942లో పద్దెనిమిదేళ్ళవాడికి ఇప్పుడు వందేళ్ళు దాటుతాయి. మిగిలింది పిల్లలు, మనవలు విన్న మాటలే. కొత్తపేట, అమలాపురం, రాజోలు ఇళ్ళల్లో రంగం వెళ్ళొచ్చిన పెద్దల పెట్టెలు, ఓడ కాగితాలు ఉంటే పారెయ్యకండి. తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ గొంతుతోనే ఫోనులో రికార్డు చెయ్యండి. ఎవరు చెబుతున్నారో, ఎవరి దగ్గర విన్నారో, రికార్డు చేసేది ఏ రోజో ముందుగా పలికించండి. తేదీ తప్పు చెప్పినా మధ్యలో దిద్దకండి.